అక్క ఉతికిన చొక్కాలు

మా అక్క ఇంట్లో మాసిన గుడ్డ ఒక్క పూట నిలవదు. దీన్ని గొప్పగా చెప్పడం లేదు, అదొక జబ్బు. లాండ్రీ నడిపేవాళ్ళ ఇళ్ళలో ఊరందరి బట్టలూ తళతళలాడుతుంటాయి, సొంతవి మాత్రం ఒక మూల కుప్పగా పడుంటాయి. అక్క దగ్గర ఆ ఆటలు సాగవు. ఇంటికొచ్చిన చుట్టం చేతులు తుడుచుకున్న తువాలు, ఆ చుట్టం వీధి మలుపు తిరిగేలోపే సబ్బునీళ్ళలో మునుగుతుంది. నేను దాని చెల్లెల్ని, బస్సు కండక్టర్ని. రోజంతా నలుగురి చెమటా పూసుకుని వాళ్ళింటికి వెళ్తే, "ముందు ఆ యూనిఫామ్ విప్పు, తర్వాత కూర్చో" అంటుంది. మంచినీళ్ళ సంగతి ఆ తర్వాతే.

లాండ్రీ అంటే పెద్ద కొట్టేం కాదు. వీధివైపు గది కొట్టు, దాని వెనక గది ఇల్లు, ఇంటి వెనక రేకుల కప్పు కింద రెండు సిమెంటు తొట్లు. ఉతకడం అక్క, ఇస్త్రీ బావ, మాట్లాడటం మొత్తం బావే. ఇస్త్రీ పెట్టె అటూ ఇటూ తిరుగుతున్నంతసేపూ బావ నోరు కూడా తిరుగుతూనే ఉండేది. ఆ కొట్టుకి ఒకటే చట్టం. గడప దాటి బయటికెళ్ళే గుడ్డ ఎవరిదైనా సరే, ఉతికి మడత పెట్టే వెళ్ళాలి. ఒకసారి ఒకాయన అర్జెంటుగా ఊరెళ్ళాలి, ఉతక్కపోయినా పర్వాలేదు, నా బట్టలు నాకిచ్చేయండని గొడవ పెట్టుకున్నాడు. "మాసిన గుడ్డ నా చేత్తో ఇవ్వను, బస్సు తప్పితే తప్పనీ" అంది అక్క. ఆయన బస్సు తప్పింది. అది నా బస్సే.

బావ అనాథాశ్రమంలో పెరిగాడు. అమ్మా నాన్నా ఎవరో తెలియదు, తోడబుట్టినవాళ్ళు ఉన్నారో లేరో తెలియదు. దానికి దిగులు పడగా నేనెప్పుడూ చూడలేదు. "మీ అక్క నన్నెందుకు చేసుకుందనుకున్నావ్? అత్త లేదు, ఆడపడుచు లేదు, ఇంత అదృష్టం ఏ పెళ్ళికొడుకు తెస్తాడు?" అనేవాడు. అసలు సంగతి అది కాదని మా ముగ్గురికీ తెలుసు. పెళ్ళినాటికి అక్కకి మూడో నెల. దానికి కారణమైనవాడు బదిలీ అయిందని చెప్పి వెళ్ళాడు, ఇక పత్తా లేడు. బావ అప్పటికి మా వీధి చివరి కొట్టులో జీతానికి ఇస్త్రీ చేసేవాడు. అన్నీ తెలిసే వచ్చి అడిగాడు. అక్క నమ్మలేక, "జాలా?" అంది. "నాకు చుట్టాలంటూ ఎవరూ లేరు. నువ్వు ఒకేసారి ఇద్దర్నిస్తున్నావు. జాలి పడాల్సింది నువ్వు" అన్నాడు.

ఒకే ఒక్క మాట తీసుకున్నాడు మా ఇద్దరి దగ్గరా. "ఈ సంగతి నేను బతికుండగా బిడ్డకి చెప్పొద్దు. నేను పోయాక అసలే చెప్పొద్దు. అప్పుడు దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని సర్దిచెప్పడానికి నేనుండను కదా." మేమిద్దరం సరేనన్నాం. అప్పుడా మాట ఇవ్వడం ఎంత తేలికో!

పుట్టిన పిల్లకి బావ పిచిక అని ముద్దుపేరు పెట్టాడు. ఇప్పుడా పిచిక జిరాక్స్ షాపులో పనిచేస్తోంది, మాటలో తండ్రిని మించిపోయింది. ఎవరు చూసినా "అచ్చం నాన్న పోలికే" అనేవాళ్ళు. బావలాగే నవ్వేముందు తల పక్కకి వాలుస్తుంది, బావలాగే కోపమొస్తే చెవి గోక్కుంటుంది. ఎవరైనా పోలిక మాట ఎత్తగానే బావ నా వైపు చూసి కన్నుకొట్టేవాడు. నాకు నవ్వొచ్చేది, మొహం అటు తిప్పుకునేదాన్ని.

ఒక ఉదయం బావ బస్టాండు వెనక లాడ్జికి దుప్పట్లూ దిండు గలీబులూ ఇచ్చిరావడానికి వెళ్ళాడు. వంటగదిలో మొదలైన మంట మెట్లకి పాకిందట. ఫైరింజన్లు అడ్డం వచ్చి నా బస్సు మలుపు దగ్గరే ఆగిపోయింది, టైముకి చేరనని నేను చిరాకు పడుతూ కూర్చున్నాను. లోపలున్నది మనవాడని నాకేం తెలుసు!

పై అంతస్తులో దొరికినవాళ్ళెవరూ గుర్తుపట్టేలా లేరు. లాడ్జిలో ఎవరెవరు దిగారో రాసుకున్న పుస్తకం కూడా కాలిపోయింది. మొదటిరోజే ఒక శవం కోసం రెండు కుటుంబాలు మా వాడంటే మా వాడని కొట్టుకున్నంత పని చేశాయి. దాంతో పోలీసులు, డీఎన్ఏ పరీక్ష అయ్యేదాకా ఎవర్నీ ఎవరికీ ఇచ్చేది లేదని తేల్చేశారు.

ఆ రోజుల్లో అక్క ఏడవలేదు. ఉతికింది. బావ చొక్కాలు, లుంగీలు, తువాళ్ళు, దుప్పటి, దిండు గలీబు, అన్నీ తొట్లో వేసి సోడా, బ్లీచింగ్ పోసి వేడినీళ్ళలో నానబెట్టింది. బావ పళ్ళు తోముకునే బ్రష్షే తీసుకుని ఆ చొక్కాల కాలర్లు రుద్దింది. దువ్వెన కూడా సోడానీళ్ళలో వేసింది. "ఆయనొచ్చేసరికి అన్నీ తెల్లగా ఉండాలి" అనేది, కాసేపటికి "ఆయన్ని తెచ్చేసరికి" అనేది. రెండింట్లో ఏది అంటోందో దానికే తెలియదు. చేతులకి పని ఉంటే మనిషి నిలబడుతుందిలే అనుకుని నేనూ ఆపలేదు. ఆరినవి తీసి పిచిక ఇస్త్రీ చేసి పేర్చింది.

రక్తం ఇవ్వడానికి ముగ్గురం వెళ్ళాం. ల్యాబు ముందు వరండాలో వరసగా ఇనుప కుర్చీలు. మా పక్కన ఒక జంట, మధ్యలో ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చున్నారు. ఆవిడ ఒళ్ళో పాప. బిడ్డ నాది కాదని ఆయన కోర్టుకెక్కాడట. ఆ పాప వాళ్ళ నాన్న గడియారం కోసం చెయ్యి చాపుతుంటే ఆయన చొక్కా చెయ్యి కిందకి లాక్కుంటున్నాడు. అవతల ఒక కానిస్టేబుల్ సీలు వేసిన కవర్లు పట్టుకుని కునికిపాట్లు పడుతున్నాడు. దొంగతనం జరిగిన ఇంట్లో దొరికిన సిగరెట్టు పీకలట అవి. పీక మీద ఉన్న ఎంగిలితో దొంగని పట్టేస్తారని చెప్పాడు. ఇంత తెలిసిన మిషనుకి మా ఇంటి గుట్టు ఒక లెక్కా అని నాకప్పుడే భయం పట్టుకుంది.

ల్యాబు మేడమ్ నెమ్మదస్తురాలు. పిచికకి అర్థమయ్యేలా చెప్పింది. "ప్రతి మనిషిలోనూ సగం అమ్మనించి, సగం నాన్ననించి వస్తుందమ్మా. మీ అమ్మగారి రక్తం కూడా తీస్తాం. ఆవిడ సగం పక్కన పెడితే మిగిలేది నాన్న సగం. అది ఎవరి ఎముకతో కలుస్తుందో చూస్తాం." తర్వాత అక్క వైపు తిరిగింది. "అందర్నీ అడగాలి, ఏమీ అనుకోకండి. ఈ అమ్మాయి ఆయన కన్నకూతురే కదా?"

పిచిక నవ్వింది. లాడ్జి కాలిపోయాక మొదటిసారి నవ్వింది. "నా మొహం చూస్తే తెలియట్లేదా మేడమ్?" అంటూ ఫోన్లో తండ్రి ఫొటో తీసి తన చెంప పక్కన పెట్టుకుంది. అక్క ఆ రెండు మొహాలూ చూసింది. "అవును" అంది.

బయటికొచ్చాక పిచిక మంచినీళ్ళకి వెళ్ళగానే అక్క జబ్బ పట్టుకున్నాను. "నీకు మతిపోయిందా? ఇప్పుడే లోపలికెళ్ళి ఆవిడొక్కదానికీ చెప్పు. లేకపోతే బావ దొరకడే!"

"దొరుకుతాడు."

"ఎలా దొరుకుతాడే? రక్తం కలవాలి కదా!"

"దాని ఒంట్లో రక్తం ఎవరు పెట్టిన తిండితో పట్టిందే?" అంది అక్క. "ఇన్నేళ్ళు తను తినాల్సింది కూడా దానికే పెట్టాడు. అంత పెద్ద మిషను, ఆ మాత్రం కనిపెట్టదా?"

అక్క అమాయకురాలు కాదు. నమ్మకపోతే ఆ పిల్ల మొహంలోకి చూసి నిజం చెప్పాల్సి వస్తుంది కాబట్టి నమ్మింది. బస్సునిండా జనాన్ని అదిలించే నోరు, ఆ వరండాలో పెగల్లేదు.

ఫలితాలు వచ్చిన రోజు ఇన్‌స్పెక్టర్ మమ్మల్ని నిలబెట్టే చెప్పాడు. "మీ నాన్నగారు వీళ్ళలో లేరమ్మా. ఎవరితోనూ కలవలేదు."

పిచిక ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "అంటే నాన్న లోపల లేడు! బయటపడ్డాడు! పిన్నీ, విన్నావా? దెబ్బ తగిలి ఏ ఆసుపత్రిలోనో ఉండుంటాడు, పేరు చెప్పలేకపోతున్నాడేమో!" నన్ను వాటేసుకుని ఏడుస్తూ నవ్వింది. వెనక అక్క గోడకి ఆనుకుని జారి నేలమీద కూర్చుండిపోయింది. ఆనందంతో కాళ్ళు ఆడలేదనుకుని ఇన్‌స్పెక్టర్ కుర్చీ తెప్పించాడు.

ఆ పిల్ల ఆనందం చూడటం కన్నా ఏడుపు చూడటమే నయం. షాపులో తనే తండ్రి ఫొటో వేసి, కనబడుటలేదు అని కట్టలకొద్దీ కాగితాలు తీసి ఊరంతా అంటించింది. ఆసుపత్రులన్నీ తిరిగింది. కొట్టు మూసి ఉంటే నాన్న వచ్చి ఏమనుకుంటాడని, సాయంత్రాలు తనే ఇస్త్రీ చేసింది. అక్క కళ్ళు ఎర్రబడితే కసిరేది. "మనిషి బతికుంటే ఆ ఏడుపేంటమ్మా, అపశకునం!" ఒక కాగితం నా చేతికిచ్చి బస్సులో అంటించమంది. డ్రైవరు సీటు వెనకాల అంటించాను. పోయిన మనిషి కనబడుటలేదని నా చేతులతో నేనే అంటించి, దాని కింద నిలబడి టిక్కెట్లు కొట్టాను. ఇంకేం చేయను? ఆ పిల్ల చేతుల్లోంచి ఆ కాగితం తీసుకోకపోతే కారణం చెప్పాలి.

అక్క ఒకరోజు పొద్దున్నే మా ఇంటికొచ్చింది. "పద, ఆ మేడమ్ దగ్గరికి" అంది. లోపలికి వెళ్ళి కూర్చోకుండానే, "ఆ పిల్ల ఆయనకి పుట్టలేదు" అనేసింది.

మేడమ్ ఉలిక్కిపడలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "కలవనప్పుడే నాకు అనుమానమొచ్చిందమ్మా. కానీ అలాంటిది మీరు చెప్పాలి తప్ప నేను అడిగేది కాదు. ఆరోజు అమ్మాయి ముందే అడగడం నాదే పొరపాటు. మా పద్ధతే అంత, అందర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి అడిగేస్తాం." ఒక శవం ఎవరూ లేకుండా మిగిలిపోయిందని చెప్పింది. వయసు బావ వయసే, ఎత్తు బావ ఎత్తే. ఎడమ ముంజేయి ఎముక చిన్నప్పుడెప్పుడో విరిగి అతుక్కుంది.

"ఆశ్రమం గోడమీంచి పడ్డాడు" అంది అక్క. అప్పటిదాకా మొండిగా నిలబడ్డ మనిషి అప్పుడు కూర్చుంది.

బావ చిన్నప్పటి ఎక్స్‌రే ఏదీ లేదు. రక్తసంబంధం చూద్దామంటే లోకంలో ఎవరూ లేరు. "అయినా పర్వాలేదు" అంది మేడమ్. "ఆయన వాడినవి ఉంటాయి కదా. చొక్కాలు, దువ్వెన, బ్రష్, దిండు గలీబు, ఏదైనా తీసుకురండి. కూతురి సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. నేరుగా ఆయనతోనే ఆయన్ని కలిపి చూస్తాం."

అక్క ప్రాణం లేచొచ్చింది. నాకూ అంతే. ఆ మాట విన్నప్పుడైనా నాకు బుర్ర వెలగొద్దా? వెలగలేదు. ఇల్లు చేరే దాకా ఇద్దరం మేడమ్ మంచితనం గురించే మాట్లాడుకున్నాం.

మర్నాడు అక్క మూట తెచ్చింది. ఉన్నవాటిలో మంచి చొక్కాలు ఏరి, మళ్ళీ ఒకసారి ఇస్త్రీ చేసి, మడత చెడకుండా తెల్లటి గుడ్డలో కట్టింది. పైన దువ్వెన, బ్రష్, విడిగా కాగితంలో చుట్టి పెట్టింది. మేడమ్ చేతికి తొడుగులు వేసుకుని మూట విప్పింది. గదంతా సబ్బు వాసన. ఒక చొక్కా కాలరు తిప్పి చూసింది, ఇంకోటి చూసింది. దువ్వెన ఎత్తి వెలుగులో పెట్టింది.

"ఉతకనివి ఏవైనా ఉన్నాయా అమ్మా?"

"ఉతకనివా?" అంది అక్క. మాట పడ్డట్టు మొహం ఎర్రబడింది. "మా ఇంట్లోనా?"

"ఆయన చెమట, తలలో చుండ్రు, ఎంగిలి, అవేనమ్మా మాకు కావలసింది. బ్లీచింగ్‌తో ఉతికితే ఇంక ఏం మిగులుతుంది?"

అక్క బల్లమీది చొక్కాల వైపు చూసింది. బావ ఒంటివాసన ఉన్న చివరి గుడ్డ దాకా తన చేతులతోనే రుద్ది కడిగేసిందని అప్పుడు తెలిసింది. ఏమీ తోచక, మేడమ్ కదిపిన చొక్కా మడత సరిచేసింది. మేడమ్ అన్నీ తీసుకుంది, ప్రయత్నిస్తానంది. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది. బావ గడ్డం మంగలి షాపులో గీయించుకునేవాడు. చెప్పులు కాళ్ళతోనే పోయాయి. పెద్దయ్యాక తన ఒంటి కోసం ఆసుపత్రి గడప ఎన్నడూ తొక్కినవాడు కాదు. కొన్నాళ్ళకి మమ్మల్నిద్దర్నీ పిలిపించి, ఏమీ దొరకలేదని చెప్పింది.

మిగిలింది ఒకటే దారి అంది. ఆ శవం బావది కాదని చెబుతున్నది పిచిక రక్తం, అక్క చెబితే చాలదట. కాబట్టి పిచిక మేజిస్ట్రేటు ముందుకొచ్చి, నేను ఆయనకి పుట్టలేదు అని తన నోటితో చెబితే, ఆ ఫలితాన్ని పక్కన పెడతారు. అప్పుడు విరిగిన చెయ్యి, ఎత్తు, వయసు చూసి ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. నెలాఖరుకి ఎవరూ రాకపోతే మున్సిపాలిటీవాళ్ళు తీసుకెళ్ళి పాతిపెట్టేస్తారు. బతుకంతా నా అనేవాళ్ళ కోసం పాకులాడిన మనిషి, అనామకుడిగా పోతాడు.

మేం ఇల్లు చేరేసరికి పిచిక సంచి సర్దుకుంటోంది. పక్క ఊరి ఆసుపత్రిలో ఒళ్ళు కాలిన మనిషి ఉన్నాడట, మాట్లాడలేకపోతున్నాడట. తండ్రి కోసం ఒక లుంగీ, ఒక తువాలు సంచిలో పెట్టింది. "ఈసారి ఖాయం అమ్మా, నా మనసు చెబుతోంది."

అక్క వెళ్ళి సంచి మీద చెయ్యి వేసింది. "వెళ్ళకు."

"బస్సు టైమైంది, వదులు."

"అతను మీ నాన్న కాడు. మీ నాన్న ఇక్కడే ఉన్నాడు, మార్చురీలో. రక్తం కలవనిది ఆయన అక్కడ లేక కాదు." అక్క ఆగి నా వైపు చూసింది. నేను అందుకోవాలి, కానీ నావల్ల కాలేదు. మళ్ళీ అక్కే చెప్పింది. "నువ్వు ఆయనకి పుట్టలేదు పిచికా. నువ్వు కడుపులో ఉండగా చేసుకున్నాడు నన్ను. అందుకే కలవలేదు."

ఇన్నేళ్ళు భయపడింది ఈ క్షణానికే. అరుస్తుందనుకున్నాను, ఎవడు వాడు అని అడుగుతుందనుకున్నాను, అక్కని తోసేస్తుందనుకున్నాను. పిచిక చెవి గోక్కుంటూ నిలబడింది. తల్లి మొహంలోకీ నా మొహంలోకీ మార్చి మార్చి చూసింది.

"అంటే," అంది, "నాన్న చచ్చిపోయాడా?"

ఆ రెండు కబుర్లలో దానికి వినిపించింది అదొక్కటే. సంచి పక్కనే కూలబడి, మంట జరిగిన రోజు ఏడవాల్సిన ఏడుపు ఇప్పుడు ఏడ్చింది. అక్క దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఎందుకు దాచావని ఆరోజూ అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. అడిగితే బాగుండునని అక్క రోజూ ఎదురుచూస్తోంది.

మేజిస్ట్రేటు ఆఫీసులో టైపు చేసే ఆయన తొందర మనిషి. పిచిక "మా నాన్న ఆరోజు పొద్దున్న" అని మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపాడు. "నాన్న అనకూడదమ్మా. అలా రాస్తే రిపోర్టుకి అడ్డం తగులుతుంది, మళ్ళీ మొదటికొస్తాం. మృతుడు అనండి, లేకపోతే అమ్మ భర్త అనండి."

"మా అమ్మ భర్త" అంది పిచిక. రెండు మాటలయ్యాక మళ్ళీ "నాన్న" అనేసింది. ఆయన విసుక్కోకుండా కొట్టేసి మళ్ళీ టైపు చేశాడు. చివర్లో మేజిస్ట్రేటు కళ్ళజోడు సవరించుకుని, "ఒక్కసారి స్పష్టంగా చెప్పమ్మా" అన్నాడు.

"నేను ఆయన కూతుర్ని కాను."

"కొంచెం గట్టిగా."

"నేను ఆయన కూతుర్ని కాను" అంది పిచిక, గదంతా వినపడేలా. అక్క తల వంచుకుని చీర అంచు పట్టుకుంది. ఆర్డరు ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు, బయట కూర్చోమన్నారు.

వరండాలో బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. పిచిక నా భుజం మీద తల పెట్టింది. తల్లికి వినపడకుండా అడిగింది.

"పిన్నీ, నేనలా అన్నానని తెలిస్తే నాన్న బాధపడతాడా?"